తెలియని మాట, తెలిసిన వాక్యం



ఇంతకుముందు పాఠాల్లో ఇంగ్లిషు వాక్యం ఎలా కట్టుకుంటుందో చదివారు. ఇప్పుడు మీలో చాలామంది ఉత్తరాల్లో రాసి అడిగే ప్రశ్నకు వస్తున్నాం. "చదువుతూ పోతుంటే మధ్యలో తెలియని మాట తగులుతుంది. అక్కడే బండి ఆగిపోతుంది. ఏం చేయాలి?" ఈ పాఠం పూర్తిచేసేసరికి, తెలియని మాట ఎదురైనప్పుడు దాని చుట్టూ ఉన్న మాటల సాయంతో అర్థాన్ని చాలావరకు పట్టుకోగలుగుతారు. ఎక్కడ అలా పట్టుకోకూడదో కూడా తెలుసుకుంటారు. ఈ రెండో సంగతి మొదటిదానికంటే తక్కువది కాదు.

ఒక మనవి. ఈ పాఠంలో ఇంగ్లిషు వాక్యాలను తెలుగు లిపిలోనే ఇస్తున్నాం. మీకు చాలా ఇంగ్లిషు మాటలు చెవికి తెలుసు, కంటికే కొత్త. ముందు పైకి చదవండి, విన్న మాటలు గుర్తుకు వస్తాయి. తరవాత అదే వాక్యాన్ని మీ నోటుపుస్తకంలో ఇంగ్లిషు లిపిలో రాసుకోండి.

9.1 ఒక ఉత్తరం

కొన్నేళ్ళ కిందట, ఒక ఆదివారం సంపర్క తరగతికి ఒకావిడ బ్యాంకు నుంచి వచ్చిన ఉత్తరం పట్టుకొచ్చారు. నలభై దాటిన మనిషి. నాలుగిళ్ళలో వంట చేస్తూ పదో తరగతి పరీక్షకు చదువుతున్నారు. పాఠం అయ్యేదాకా ఆగి, అందరూ వెళ్ళాక, ఉత్తరం నా ముందు పరిచి ఒక మాట మీద వేలు పెట్టారు.

"సార్, ఖాతాకు ఆపరేషన్ అని రాశారు. నా డబ్బు పోయినట్టేనా?"

నవ్వకండి. ఆవిడ ఊహలో తర్కం ఉంది. ఆ మాట "ఇనాపరేటివ్". అందులో ఆవిడ చెవికి తెలిసిన భాగం "ఆపరే" ఒక్కటే. మన ఊళ్ళలో ఆపరేషన్ అంటే ఆసుపత్రి, కోత, కుట్లు. తెలిసిన దాని నుంచి తెలియని దానికి వెళ్ళాలన్న ప్రయత్నం సరైనదే. దారి మాత్రం తప్పింది. ఎందుకు తప్పిందంటే, ఆవిడ ఆ ఒక్క మాటనే చూశారు, వాక్యాన్ని చూడలేదు. ఉత్తరంలో ఉన్నది ఇది:

"దేర్ హావ్ బీన్ నో ట్రాన్సాక్షన్స్ ఇన్ యువర్ అకౌంట్ ఫర్ మోర్ దాన్ టూ ఇయర్స్. ద అకౌంట్ హాజ్ దేర్‌ఫోర్ బికమ్ ఇనాపరేటివ్. టు యాక్టివేట్ ఇట్, ప్లీజ్ విజిట్ ద బ్రాంచ్ విత్ యువర్ డాక్యుమెంట్స్."

ఈ మూడు వాక్యాలను కాసేపు అలా ఉంచుదాం. ముందు మీకు ఇదివరకే వచ్చిన ఒక విద్యను గుర్తు చేయాలి.

9.2 ఈ విద్య మీకు తెలిసిందే

మీది గోదావరి జిల్లా అనుకోండి. పని మీద కర్నూలు వైపు వెళ్ళారు. అక్కడ ఒక రైతు మీతో అంటాడు: "ఈ ఏడు బుడ్డలు బాగా కాసినాయి. పెరికి, ఎండబెట్టి, వలిచి మిల్లుకు తోలినాము. నూనె బాగా దిగింది. చెక్క ఎద్దులకు పెడుతున్నాము."

"బుడ్డలు" అన్న మాట మీరు అంతకుముందు వినలేదు. అయినా ఆ రైతును ఆపి అర్థం అడగరు. పెరికేవి, ఎండబెట్టి వలిచేవి, నూనె వచ్చేవి, చెక్క మిగిలేవి ఏమిటి? వేరుసెనగకాయలు. నాలుగు మాటలు వినేసరికి మీకు తెలిసిపోయింది. హైదరాబాదులో "పల్లీలు" విన్నప్పుడు కూడా ఇంతే. మీ పక్కన ఎవరూ నిఘంటువు పట్టుకుని కూర్చోలేదు.

చిన్నప్పుడు మీరు తెలుగు నేర్చుకున్నదీ ఇలాగే. అమ్మ ఎవరి గురించో "పాపం, వాళ్ళు చితికిపోయారు" అంటుంటే, ఆ గొంతు, అంతకుముందు వచ్చిన అప్పుల మాట, అమ్మిన పొలం మాట, అన్నీ కలిసి "చితికిపోవడం" అంటే ఏమిటో చెప్పాయి. ఎవరూ అర్థం చెప్పలేదు.

అసలు నిఘంటువే లేని చోట కూడా భాష నేర్చుకున్నవారున్నారు. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు మీరు విన్నదే. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో ఆయన ఆ కొండల్లోని సవరల భాష నేర్చుకున్నారు. ఆ భాషకు అప్పటికి లిపి లేదు, చదవడానికి పుస్తకం లేదు. సవరలు మాట్లాడుతుంటే విని, ఏ మాట ఏ పని దగ్గర, ఏ వస్తువు దగ్గర వస్తున్నదో గమనించి రాసుకోవలసిందే. ఆ శ్రమ ఫలితంగా 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లిషు నిఘంటువు వెలువడ్డాయి. సందర్భం నుంచి అర్థం పట్టడమనేది చదువురాని వారి సర్దుబాటు అనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

అయితే తెలుగు వినేటప్పుడు ఇంత ధైర్యంగా ఉండేవాళ్ళం, ఇంగ్లిషు చదివేటప్పుడు ఎందుకు బెదురుతాం? ఇంగ్లిషులో ప్రతి మాటకూ అర్థం తెలిసి తీరాలని బడి మనకు నేర్పింది. మాట, పక్కన అర్థం, పది సార్లు రాయడం. ఆ అలవాటు పూర్తిగా చెడ్డదని అనను. కానీ అది వాక్యాన్ని చూడకుండా మాటను చూడడం నేర్పింది.

9.3 "ఫలానా" పద్ధతి

ఇప్పుడు ఉత్తరం దగ్గరకు వద్దాం. తెలియని మాటను తీసి, దాని చోట "ఫలానా" అని పెట్టి చదవండి.

"ద అకౌంట్ హాజ్ దేర్‌ఫోర్ బికమ్ ఫలానా."

"బికమ్" అంటే అవడం. కాబట్టి ఖాతా "ఫలానాగా" అయింది. అంటే ఈ "ఫలానా" ఒక పని కాదు, ఒక స్థితి. ఆపరేషన్ అన్న ఊహ ఇక్కడే సగం వీగిపోతుంది. ఎవరో ఖాతాకు ఏదో చేస్తామని చెప్పడం లేదు. ఖాతా ఒక రకంగా మారిందని చెబుతున్నారు.

"దేర్‌ఫోర్" అంటే "అందువల్ల". ఇది చాలా విలువైన మాట. ఇది కనబడితే వెంటనే వెనక్కి చూడాలి. దేనివల్ల? ముందు వాక్యంలో జవాబుంది: రెండేళ్ళకు పైగా "నో ట్రాన్సాక్షన్స్". "ట్రాన్సాక్షన్" తెలియకపోయినా ఫరవాలేదు. ఖాతాలో రెండేళ్ళుగా ఏమి లేకుండా ఉంటుంది? డబ్బు వేయడం, తీయడం. అలా లేనందువల్ల ఖాతా ఎలా అవుతుంది? వాడకంలో లేనిదవుతుంది.

ఇప్పుడు ముందుకు చూడండి. "టు యాక్టివేట్ ఇట్". ఫోనులో సిమ్ము వేశాక "యాక్టివేట్ అయిందా?" అని మీరే అడుగుతారు. పనిచేసేలా చేయడం. దేన్నయినా పనిచేసేలా చేయాలంటే, అది ఇప్పుడు పనిచేయడం లేదన్నమాట. వెనక వాక్యం, ముందు వాక్యం రెండూ ఒకే చోటికి తెచ్చాయి: "ఇనాపరేటివ్" అంటే పనిచేయనిది, వాడుకలో లేనిది.

చివరగా మాటలోపలికి చూడండి. "ఆపరేట్" అంటే నడపడం. మోటారు ఆపరేట్ చేయడం, లిఫ్టు ఆపరేటరు, టెలిఫోను ఆపరేటరు అనడం లేదా? ముందున్న "ఇన్" లేదనే అర్థాన్నిస్తుంది. నడవనిది. మాటలోపలి జాడను చివర చూడమంటున్నానని గమనించండి. ఆవిడ దానితోనే మొదలుపెట్టారు, పొరబడ్డారు. వాక్యం నుంచి వచ్చిన అర్థాన్ని సరిచూసుకోవడానికి మాట ముక్కలు పనికివస్తాయి. వాటితోనే పని మొదలుపెడితే అవి ఎటైనా తీసుకుపోతాయి.

ఆవిడ డబ్బు పోలేదు. రెండేళ్ళకు మించి ఖాతాదారు ఏ లావాదేవీ చేయకపోతే పొదుపు ఖాతాను అలా వర్గీకరించడం రిజర్వు బ్యాంకు నిబంధన. వడ్డీ పడుతూనే ఉంటుంది. గుర్తింపు, చిరునామా కాగితాలు పట్టుకువెళితే రుసుము లేకుండానే ఖాతాను మళ్ళీ నడిపించాలి. పదేళ్ళు ఎవరూ అడగకపోతే ఆ సొమ్ము 2014లో ఏర్పాటైన ఒక ప్రత్యేక నిధికి వెళుతుంది. అప్పుడు కూడా ఖాతాదారో వారసులో బ్యాంకుకు వెళ్ళి అడిగి తీసుకోవచ్చు.

9.4 జాడలు ఎక్కడ దొరుకుతాయి?

"దేర్‌ఫోర్", "బికాజ్", "సో", "డ్యూ టు" – ఇవి కారణాన్ని, ఫలితాన్ని ముడివేసే మాటలు. ఒక కొస తెలిస్తే రెండో కొస దొరుకుతుంది. ఈ వాక్యం చూడండి:

"ద చెక్ వాజ్ డేటెడ్ ఫిఫ్త్ జాన్యువరి. హి టుక్ ఇట్ టు ద బ్యాంక్ ఇన్ మే. ద బ్యాంక్ రిటర్న్‌డ్ ఇట్ బికాజ్ ఇట్ వాజ్ స్టేల్."

చెక్కు తేదీ జనవరి 5. బ్యాంకుకు తీసుకువెళ్ళింది మే నెలలో. తిప్పిపంపారు, ఎందుకంటే అది "ఫలానా". గడువు దాటిందని ఇట్టే తెలుస్తుంది. 2012 ఏప్రిల్ 1 నుంచి చెక్కు చెల్లుబాటు గడువు మూడు నెలలే, అంతకుముందు ఆరు నెలలుండేది. ఇప్పుడు ఇదే మాట ఇంకో వాక్యంలో: "డోంట్ ఈట్ దట్ బ్రెడ్. ఇట్ ఈజ్ స్టేల్." రొట్టె విషయంలో, పాతబడి తినడానికి పనికిరానిది. తెలుగులో మనం ఏమంటాం? కూర మురిగిపోయింది అంటాం, గడువు లోపల ఖర్చుపెట్టని నిధులు మురిగిపోయాయనీ అంటాం. ఇంగ్లిషువారి "స్టేల్" కూడా వంటింటి నుంచి బ్యాంకుకు నడిచివెళ్ళిన మాటే. ఇలా తెలుగులో జోడు దొరికిన మాట ఇక మరిచిపోరు.

"బట్", "దో", "అన్‌లైక్" వంటివి వ్యతిరేకతను చూపుతాయి. "లాస్ట్ ఇయర్ ద రెయిన్స్ వర్ స్కాంటీ, బట్ దిస్ ఇయర్ అవర్ ట్యాంక్ ఈజ్ ఫుల్." ఈ ఏడు నిండింది, కానీ పోయినేడు వానలు "ఫలానా". అంటే చాలీచాలని వానలు. ఇక్కడ ఇంకో తమాషా ఉంది. "ట్యాంక్" అనగానే మేడ మీది నీళ్ళ తొట్టి గుర్తొస్తుంది. కానీ వానలకు నిండే "అవర్ ట్యాంక్" ఊరి చెరువు. హైదరాబాదులో హుసేన్‌సాగర్ కట్టను ట్యాంక్‌బండ్ అంటున్నది అందుకే.

"సచ్ యాజ్", "లైక్", "ఫర్ ఎగ్జాంపుల్" తరవాత ఉదాహరణలు వస్తాయి. వ్యవసాయశాఖ కరపత్రంలో "పల్సెస్ సచ్ యాజ్ రెడ్‌గ్రామ్, గ్రీన్‌గ్రామ్ అండ్ బ్లాక్‌గ్రామ్" అని ఉంటే, కంది, పెసర, మినుము తెలిసినవారికి "పల్సెస్" అంటే పప్పుధాన్యాలని వేరే చెప్పనక్కరలేదు. "దట్ ఈజ్", "కాల్డ్", "ఆర్" వంటి మాటలైతే అర్థాన్ని పక్కనే పెట్టి ఇస్తాయి. వాటి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు.

జాడ వాక్యం బయట కూడా ఉండవచ్చు. రైలు పెట్టెలో గొలుసు దగ్గర రాసి ఉండేది మీరు ఎన్నోసార్లు చూసి ఉంటారు. గొలుసు లాగితే రైలు ఆగుతుందని చెప్పాక, "పెనాల్టీ ఫర్ యూజ్ వితౌట్ రీజనబుల్ అండ్ సఫిషియెంట్ కాజ్" అని, ఆ తరవాత వెయ్యి రూపాయల వరకు "ఫైన్", ఏడాది వరకు "ఇంప్రిజన్‌మెంట్" అని ఉంటుంది. "ఫైన్" పక్కన రూపాయలున్నాయి. "ఇంప్రిజన్‌మెంట్" పక్కన ఏడాది అని ఉంది. రూపాయల్లో కొలిచేది జరిమానా, ఏడాదుల్లో కొలిచే శిక్ష జైలు. "బికాజ్"లో ఉన్న "కాజ్" ఇక్కడ విడిగా నిలబడింది: కారణం. అంటే తగిన, చాలినంత కారణం లేకుండా లాగితే శిక్ష. 1989 నాటి రైల్వే చట్టం 141వ సెక్షను సారాంశం మొత్తం ఆ చిన్న పలకలో ఉంది. అదే సంగతి పక్కనే వేరే భాషలో కూడా రాసి ఉంటే దాన్ని వదలకండి. రెండు భాషల బోర్డు కంటే మంచి గురువు లేడు, పైగా ఉచితం.

9.5 చుట్టాల్లా కనిపించే మాటలు

తెలుగువారికి ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. వందలాది ఇంగ్లిషు మాటలు మన ఇళ్ళలోకి వచ్చి స్థిరపడ్డాయి. వచ్చినప్పుడు తమ అర్థాలన్నీ వెంట తెచ్చుకోలేదు, ఒకటో రెండో తెచ్చుకున్నాయి. "కరెంటు" అంటే మనకు విద్యుత్తు. దరఖాస్తులో "కరెంట్ అడ్రస్" అని ఉంటే? అక్కడే ఇంకో వరుసలో "పర్మనెంట్ అడ్రస్" అని ఉంటుంది. ఒకటి శాశ్వతమైనదైతే రెండోది ప్రస్తుతం ఉంటున్నది. జంటలో ఒకరిని చూసి రెండోవారిని గుర్తుపట్టినట్టు.

"మైనరు" మాట చూడండి. చట్టంలో పద్దెనిమిదేళ్ళు నిండనివారు. నీటిపారుదల ఇంజనీరు దగ్గర చిన్న పిల్లకాలువ. డాక్టరు "మైనర్ ఆపరేషన్" అంటే చిన్నది, భయం లేనిది. పాత సినిమాల్లో సిల్కు లాల్చీ, అత్తరు, చేతిలో డబ్బు ఉన్న జమీందారు బిడ్డ "మైనరుబాబు". ఇందులో చివరిది ఏ ఇంగ్లిషువాడికీ తెలియదు, అది మన సొంతం. "చార్జి" మాట కూడా ఇంతే: ఫోనుకు చార్జింగు, బస్సుకు చార్జీ, పోలీసుల చార్జిషీటు, లాఠీచార్జి, ఆఫీసులో ఇన్‌చార్జి. "ఫ్రీ ఆఫ్ చార్జ్" అన్నచోట వీటిలో ఏది సరిపోతుందో మీరే చెప్పగలరు.

అందుకే తెలిసిన మాటను కూడా వాక్యంలో పెట్టి చూడండి. అర్థం అతకకపోతే, ఆ మాట మీకు తెలిసిన చుట్టం కాదు, ఆ పోలికలున్న వేరే మనిషి.

9.6 ఊహ పనికిరాని చోట్లు

పెట్రోలు ట్యాంకరు వెనక "హైలీ ఇన్‌ఫ్లేమబుల్" అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. "ఇనాపరేటివ్"లో "ఇన్" లేదనే అర్థమిచ్చిందని ఇందాక చదివారు. ఆ లెక్కన "ఇన్‌ఫ్లేమబుల్" అంటే మంట అంటుకోనిదా? సరిగ్గా వ్యతిరేకం. చాలా తేలికగా అంటుకునేది. ఇక్కడి "ఇన్" వేరే, అది లేదని చెప్పదు. ఇంగ్లిషు మాతృభాష అయినవారే ఇక్కడ పొరబడే ప్రమాదముందని చాలా దేశాల్లో ఆ "ఇన్" తీసేసి "ఫ్లేమబుల్" అనే రాస్తున్నారు. మన రోడ్ల మీద పాత మాట కూడా కనిపిస్తుంది. మాట ముక్కలు మోసం చేసినా, ఎర్ర అక్షరాలు, పెట్రోలు వాసన నిజం చెబుతాయి. బీడీ ఆర్పేయండి.

మందుల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. సీసా మీద "ఫర్ ఎక్స్‌టర్నల్ యూజ్ ఓన్లీ" అంటే పైపూతకు మాత్రమే, లోపలికి తీసుకోకూడదు. "షేక్ వెల్ బిఫోర్ యూజ్" అంటే బాగా కదిపి వాడాలి. ఇవి నేర్చుకుని గుర్తుంచుకోండి. కానీ డాక్టరు చీటీలో "బి.డి.", "టి.డి.ఎస్.", "ఎస్.ఓ.ఎస్." అని ఉంటాయి. ఎంత తెలివైన పాఠకుడైనా వీటిని సందర్భం నుంచి పట్టలేడు. ఎందుకంటే ఇవి ఇంగ్లిషే కాదు, లాటిను మాటల పొడి అక్షరాలు. మొదటిది రోజుకు రెండుసార్లు, రెండోది మూడుసార్లు, మూడోది అవసరమైతేనే. వీటిని ఊహించకూడదు. మందుల దుకాణంలో అడగాలి, అడిగి మాత్రల పొట్లం మీద తెలుగులో రాయించుకోవాలి. అడగడానికి మొహమాటపడి తప్పు మందు మింగిన చదువుకున్నవారు కూడా ఉన్నారు.

9.7 సంతకం పెట్టేముందు

మా తరగతిలో ఒక దర్జీ ఉండేవారు. బంధువు మోటారు సైకిలు కొనడానికి అప్పు తీసుకుంటుంటే "గ్యారంటర్" అని ఉన్నచోట ఈయన సంతకం చేశారు. "మనిషి మంచివాడని సాక్ష్యం చెప్పడం అనుకున్నా సార్" అన్నారు. బంధువు వాయిదాలు ఆపేశాడు. మిగిలిన వాయిదాలు ఈయన మిషను తొక్కి కట్టారు. ఆ కాగితంలో ఉన్న వాక్యం ఇంచుమించు ఇలాంటిది. తొందరపడకుండా చదవండి:

"ఇన్ కేస్ ద బారోయర్ డిఫాల్ట్స్, ద గ్యారంటర్ షల్ బి లయబుల్ టు పే ద ఎంటైర్ అవుట్‌స్టాండింగ్ అమౌంట్."

ఇందులో ఇద్దరు మనుషులున్నారు, "బారోయర్", "గ్యారంటర్". "బారో" అంటే అప్పు తీసుకోవడమని ఐదో పాఠంలో చదివారు. కాబట్టి మొదటివారు అప్పు తీసుకున్నవారు. వాక్యం చివర చూడండి: "పే", "అమౌంట్". డబ్బు కట్టడం. ఎవరు? "పే"కు ముందున్నది "గ్యారంటర్". అంటే రెండో మనిషి కట్టాలి. ఎప్పుడు? "ఇన్ కేస్" – ఒకవేళ మొదటి మనిషి "ఫలానా" చేస్తే. ఒకరు ఏం చేస్తే ఆ అప్పు మరొకరు కట్టవలసి వస్తుంది? ఎగవేస్తే, వాయిదా తప్పితే. "డిఫాల్ట్" దొరికింది.

"షల్ బి లయబుల్ టు పే". "షల్" ఇలాంటి కాగితాల్లో విధిగా అన్న అర్థమిస్తుంది. "లయబుల్" చోట "ఫలానా" పెట్టినా భావం నిలుస్తుంది: విధిగా కట్టడానికి బాధ్యుడు. "ఎంటైర్" తెలియకపోతే ఊహకు రెండు దారులున్నాయి, కొంతనా, మొత్తమా? వాక్యం చెప్పడం లేదు. ఇక్కడ ఆగాలి. నిఘంటువు తీయాలి, లేదా అడగాలి. నిఘంటువు "మొత్తం" అంటుంది.

"అవుట్‌స్టాండింగ్" దగ్గర ఇంకో గొయ్యి ఉంది. పిల్లల ప్రోగ్రెసు కార్డులో "అవుట్‌స్టాండింగ్" అని వస్తే మిఠాయి పంచుతాం. అప్పు కాగితంలో అదే మాట "ఇంకా తీరని బాకీ". అమౌంటు ముందు ఉన్నప్పుడు అది మెచ్చుకోలు కాదు.

మాటలన్నీ కలిపితే: అప్పు తీసుకున్నవారు కట్టకపోతే తీరని బాకీ మొత్తం పూచీదారు కట్టాలి. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 128వ సెక్షను కూడా ఇదే చెబుతుంది. ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, పూచీదారు బాధ్యత అప్పు తీసుకున్నవారి బాధ్యతతో సమానం. ముందు అతని దగ్గర వసూలు చేసి, రాకపోతేనే నా దగ్గరకు రావాలి అనడానికి వీలుండదు.

ఆ దర్జీగారు తరగతిలో ఈ వాక్యం విడదీసి చదివినప్పుడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆరు మాటల్లో నాలుగు ఆయనకు అప్పటికే తెలుసు.

9.8 ఎన్ని మాటలు తెలిసి ఉండాలి?

ఊహ పనిచేయాలంటే చుట్టూ తెలిసిన మాటలు తగినన్ని ఉండాలి. చీకటి గదిలో ఒక్క దీపం ఆరితే మిగిలిన దీపాల వెలుగులో దాన్ని వెతుక్కోవచ్చు. అన్నీ ఆరితే తడుముకోవడమే. న్యూజీలాండుకు చెందిన భాషావేత్త పాల్ నేషన్, ఆయన సహ పరిశోధకురాలు 2000లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఎవరి సాయం లేకుండా హాయిగా చదవాలంటే నూటికి సుమారు 98 మాటలు తెలిసి ఉండాలి. అంటే ప్రతి యాభై మాటలకు ఒకటి కొత్తది. కాబట్టి ఏదైనా పుస్తకం తీస్తే ముందు ఒక పేరాలో వంద మాటలు లెక్కపెట్టండి. పది, పదిహేను తెలియనివైతే ఆ పుస్తకం ఇంకొన్నాళ్ళు ఆగుతుంది. అది మీ తెలివి మీద తీర్పు కాదు.

ఆ తెలిసిన మాటలు ఎక్కడి నుంచి రావాలి? ఎక్కువగా వాడే మాటల నుంచి. మైఖేల్ వెస్ట్ అనే ఆయన ఢాకాలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తూ, బెంగాలీ పిల్లలు ఇంగ్లిషు చదవడానికి పడే పాట్లు చూశారు. అతి తరచుగా వచ్చే సుమారు రెండు వేల మాటల పట్టికను 1953లో ప్రచురించారు. ఈ ఉపఖండంలోని తరగతి గదుల అనుభవం ఆ పట్టిక వెనక ఉంది. మన పాఠాల చివర ఇచ్చే మాటలు కూడా అలాంటి తరచు మాటలే. వాటిని మాత్రం బట్టీ పట్టినా తప్పులేదని నా అభిప్రాయం.

మిగతావి నోటుపుస్తకంలో రాసుకునేటప్పుడు మాట, అర్థం మాత్రమే రాయకండి. ఆ మాట మీకు ఎదురైన వాక్యం మొత్తం రాయండి, ఎక్కడ చూశారో కూడా రాయండి. "రైలు గొలుసు దగ్గర" అని రాసుకున్న మాట ఉత్త జాబితాలోని మాటలా జారిపోదు. ఒక్కసారి చూసినంత మాత్రాన ఏ మాటా మనది కాదు, పలుచోట్ల పలుసార్లు తగలాలి.

పాఠ్యగత ప్రశ్నలు

జవాబులు చూడకముందే మీ పుస్తకంలో రాయండి.

1. బస్టాండులో పలక: "డ్యూ టు హెవీ రెయిన్స్ ద బ్రిడ్జ్ ఈజ్ సబ్‌మర్జ్‌డ్. ఆల్ బసెస్ విల్ బి డైవర్టెడ్ వయా నల్గొండ." ఇందులో "సబ్‌మర్జ్‌డ్", "డైవర్టెడ్" మాటలకు అర్థం ఏమిటి? ఏ మాట మీకు దారి చూపింది?

2. "ఫెయిర్ ప్రైస్ షాప్", "బుక్ ఫెయిర్", "ఫెయిర్‌నెస్ క్రీమ్" – మూడింటిలో "ఫెయిర్" ఒకటేనా?

3. (అ) "హి బాట్ ఎ ట్రౌవల్ ఇన్ ద మార్కెట్." (ఆ) "ద మేసన్ స్ప్రెడ్ ద సిమెంట్ ఆన్ ద బ్రిక్స్ విత్ హిజ్ ట్రౌవల్." "ట్రౌవల్" అంటే ఏమిటి? ఏ వాక్యం నుంచి తెలుసుకున్నారు?

జవాబులు

1. మునిగిపోయింది, దారి మళ్ళిస్తారు. "డ్యూ టు హెవీ రెయిన్స్" వంతెనకు ఏమైందో చెబుతుంది. రెండోదానికి "వయా" చాలు. బస్సు బోర్డు మీద ఆ మాట చదవనివారుండరు.

2. కాదు. మొదటిది న్యాయమైన ధర, అంటే మన రేషను దుకాణం. రెండోది పుస్తకాల సంత. మూడోది తెల్లని మేనిఛాయ. బస్సు టికెట్టు ధరను కూడా దాదాపు ఇలాగే పలుకుతారు కానీ ఇంగ్లిషులో దాని అక్షరాలు వేరు.

3. తాపీ. (ఆ) వాక్యంలో మేస్త్రి, ఇటుకలు, సిమెంటు పరచడం ఉన్నాయి కాబట్టి తెలిసింది. (అ) వాక్యంలో అది బజారులో దొరికే వస్తువని తప్ప మరేమీ తెలియదు. మీరు "తెలియదు" అని రాసి ఉంటే అదే సరైన జవాబు, పూర్తి మార్కులు వేసుకోండి.